సంఘసేవయు నొక వృత్తియే

లోకమున మానవులు జీవనార్థము అనుసరించు వృత్తులు పెక్కులు గలవు. రైతు పంట పండించును. వైద్యుడు రోగమును కుదుర్చును. ఉపాధ్యాయుడు చదువు చెప్పును. ఇంజనీరు వంతెనలను, యంత్రములను నిర్మించును. వీరిని గూర్చి విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు. కాని విశ్వవిద్యాలయమున పట్టము పొందిన పిమ్మట, ఆపదలో నున్నవారికి తోడ్పడుటను, అన్యాయమునకు గురియైనవారి పక్షమున నిలుచుటను జీవితవృత్తిగా స్వీకరించినవారును మన దేశమున గలరు. వారి పని యెట్టిది? దానికి చదువు ఏల కావలయును? మంచి మనస్సు చాలదా? ఈ ప్రశ్నలకు సమాధానము తెలిసికొనుటకు దూరదేశములకు పోనక్కరలేదు. గోదావరీతీరమున బొగ్గుగనుల నడుమ పెరిగిన రామగుండము, గోదావరిఖని పట్టణములను పరికించిన చాలును.

‘ఖని’ యనగా గని. ఊరి పేరులోనే దాని కథ యున్నది. 1871లో భారత భూగర్భ పరిశోధనశాఖకు చెందిన విలియం కింగ్ అను శాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1886లో ఒక కంపెనీ ఏర్పడి, 1889లో త్రవ్వకము నారంభించెను. 1920 డిసెంబరు 23న దానికి సింగరేణి కాలరీస్ కంపెనీ యను పేరు కలిగెను. నేడు అందు తెలంగాణ రాష్ట్రప్రభుత్వమునకు నూటికి 51 వంతులు, కేంద్రప్రభుత్వమునకు 49 వంతులు వాటా గలదు. 1960వ దశకమున రామగుండము ప్రాంతమున గనులు వరుసగా తెరువబడగా, చుట్టుపట్ల పల్లెలనుండి వేలకొలది జనులు పనికై వచ్చి చేరిరి. నాగలి పట్టిన చేతులు తట్టయు చెమ్మసును పట్టెను. కార్మికులు గనిని ‘బాయి’ యందురు. బాయిలోనికి దిగినవాడు మరల పైకి వచ్చువరకు ఇంటివారి ప్రాణము వానిమీదనే యుండును.

ఈ భయము ఊరక పుట్టినది కాదు. భూగర్భమున పైకప్పు కూలవచ్చును, విషవాయువు కమ్మవచ్చును, పాత గనులలో నిలిచిన నీరు గోడను చీల్చుకొని రావచ్చును. 2003 జూన్ 16న గోదావరిఖనిలోని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొరబడి 17 మంది కార్మికులు మరణించిరి. ఇట్టి దుర్ఘటన జరిగినపుడు ఊరంతయు కదలును. ఇరుగుపొరుగువారు బియ్యము తెత్తురు. తోటి కార్మికులు చందా లెత్తుదురు. తెలియనివారు సైతము కన్నీరు విడుతురు. మన పల్లెలలో చలివేంద్రములు పెట్టి, సత్రములు కట్టించిన దయయే ఇందును కానవచ్చును. ఆ దయ లేని సమాజము సమాజమే కాదు.

అయినను ఒక్క సంగతి ఆలోచింపుడు. నెల గడచును. వచ్చిన బంధువులు తిరిగి పోదురు. అప్పుడు ఆ యింటి ఇల్లాలికి అసలైన పని మొదలగును. భర్త మరణించినందులకు చట్టప్రకారము పరిహారము రావలసియున్నది. ఈ హక్కు 1923నాటి చట్టముతో మొదలై, ఇప్పుడు 2020నాటి సామాజిక భద్రతా స్మృతిలో చేరియున్నది. 1948లో చట్టముచే ఏర్పడిన బొగ్గుగనుల భవిష్యనిధినుండి భర్త దాచిన ధనము రావలసియున్నది. 1998నాటి పింఛను పథకము ప్రకారము నెలనెల పింఛను రావలసియున్నది. గ్రాట్యుటీ గలదు. కంపెనీ నియమముల ననుసరించి ఇంటిలో ఒకరికి కారుణ్య నియామకము లభింపవచ్చును. ఇన్నిటికిని దరఖాస్తులు, ధ్రువపత్రములు, సాక్షులు, సంతకములు కావలయును. సర్వీసు పుస్తకమున భర్త పేరు రాజయ్య యని యుండును. ఆధారు కార్డులో రాజం అని యుండును. పెండ్లికి పూర్వము వ్రాసిన నామినీ పత్రమున తల్లి పేరే మిగిలియుండును. వయస్సు ఒకచోట ఒకవిధముగ, మరియొకచోట మరియొకవిధముగ నుండును. ఈ చిన్న తప్పులు దిద్దుటకు ఏ కార్యాలయమునకు పోవలయునో ఆమెకు తెలియదు. తెలియనిచో దళారి వచ్చును; రాబోవు సొమ్ములో వాటా యడుగును; వడ్డీవ్యాపారి అప్పు పెట్టును. అందరు జాలిపడినను ఆమె సొమ్ము ఆమెకు చేరదు.

ఇక్కడనే చదువు అవసరమగుచున్నది. ధర్మము ఇచ్చువాని ఇష్టము. హక్కు పుచ్చుకొనువాని సొత్తు. ధర్మము చేయుటకు మంచి మనస్సు చాలును. హక్కును ఇప్పించుటకు చట్టము తెలియవలయును, లెక్క తెలియవలయును, కాగితము ఎచట ఆగినదో కనిపెట్టు నేర్పు కావలయును, దుఃఖములో నున్నవారితో ఎట్లు మాటలాడవలయునో తెలిసియుండవలయును. మంచి మనస్సును ఇట్టి విద్యతో జోడించి, దానినే నిత్యకృత్యముగా చేసికొన్నవాడు సంఘసేవా వృత్తియందున్నవాడు.

బొగ్గుగనులయందు ఈ వృత్తికి చట్టమే చోటు కల్పించినది. పరిశ్రమలలోని కార్మికుల స్థితిగతులను విచారించుటకు 1929లో నియమింపబడిన రాజ కార్మిక సంఘము 1931లో తన నివేదికను సమర్పించుచు, కార్మికుల కష్టసుఖములు చూచుటకు ప్రత్యేకాధికారులు ఉండవలెనని చెప్పెను. స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1952లో గనుల చట్టము, 1955లో గనుల నియమములు వెలువడెను. 500 మంది గాని అంతకుమించి గాని పనిచేయు ప్రతి గనిలో సంక్షేమాధికారి నొకనిని నియమింపవలెనని ఆ నియమములు విధించెను. ఆ యధికారి విశ్వవిద్యాలయ పట్టము పొందినవాడై యుండవలయును. సాంఘికశాస్త్రమునందో, సంఘసేవయందో, కార్మిక సంక్షేమమునందో డిగ్రీ గాని డిప్లొమా గాని గడించియుండవలయును. ఆ ప్రాంతపు భాషయు తెలిసియుండవలయును. ఈ కడపటి నిబంధన చిన్నదిగా తోచును గాని మిక్కిలి విలువైనది. కార్మికుడు తన బాధను తన మాటలోనే చెప్పుకొనును. ‘ఒళ్లు బరువైతాంది’ అన్నవాని మాటలో జ్వరమున్నదో, దిగులున్నదో, అప్పు ఉన్నదో ఆ భాషలో పుట్టి పెరిగినవారికిగాని, శ్రద్ధతో నేర్చినవారికిగాని తెలియదు.

ఆ నియమములలో మరియొక విశేషము గలదు. కార్మికులపై వచ్చిన క్రమశిక్షణ కేసులను సంక్షేమాధికారి చేపట్టరాదు. యజమాని పక్షమున కార్మికునికి ప్రతిగా న్యాయస్థానమున నిలువరాదు. ఏలనగా అతనికి జీతమిచ్చునది కంపెనీ. అతడు సేవ చేయవలసినది కార్మికునికి. ఉదయమున శిక్ష వ్రాసిన చేతికి సాయంకాలమున తన గోడు చెప్పుకొనుటకు ఎవరు వత్తురు? నమ్మకము లేనిచోట సేవ లేదు. ఈ సత్యమును గ్రహించియే నియమము వ్రాసినవారు ఆ హద్దు గీచిరి. 2020నాటి వృత్తి భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చెను. 250 మంది పనివారున్న గనికి, కర్మాగారమునకు సైతము సంక్షేమాధికారి ఉండవలెనని అది చెప్పుచున్నది.

సంక్షేమాధికారి చేయు పని యేమి? గనివద్ద త్రాగునీరు శుభ్రముగ నున్నదా, క్యాంటీనులో తిండి బాగున్నదా, విశ్రాంతి మందిరమున నీడ యున్నదా యని చూచుట మొదటిది. సెలవు, జీతపుచీటీ, క్వార్టరు, వైద్యము మొదలగు విషయములలో కార్మికుల ఫిర్యాదులను విని పైయధికారులకు తెలుపుట రెండవది. ప్రమాదము జరిగినపుడు కుటుంబమునకు తోడై, పరిహారము, పింఛను చేరువరకు వెంటనుండుట మూడవది. వీటన్నిటికంటె కష్టమైన పని మరియొకటి కలదు. అది మనుష్యుని అర్థము చేసికొనుట.

ఒక యుదాహరణము చూడుడు. ఒక కార్మికుడు మూడు వారములనుండి మస్టరు పడక యున్నాడనుకొందము. సోమరియని తిట్టుట సులభము. మద్యము మానుమని ఉపన్యసించుటయు సులభమే. శిక్షణ పొందినవాడు అట్లు చేయడు. ఆ యింటికి పోవును, కూర్చుండును, మొదట వినును. భార్యకు జబ్బు చేసినదో, కుమార్తె పెండ్లికై తెచ్చిన అప్పునకు వడ్డీవ్యాపారి గుమ్మములో కూర్చున్నాడో, లేక గనిలో ప్రక్కనున్న మిత్రుడు కప్పు కూలి మరణించుట కన్నులార చూచి, మరల దిగుటకు ధైర్యము చాలకున్నాడో తెలిసికొనును. కారణమును బట్టి మార్గము వేరగును. జబ్బునకు ఆసుపత్రి, అప్పునకు సహకార సంఘము, భయమునకు ఓర్పుతో కూడిన మాట, కొన్నాళ్లు పైపని. వినుట, విచారించుట, కారణమును కనుగొనుట, పిదప చేయవలసినది నిర్ణయించుట – వైద్యుడు రోగమును పట్టునట్లే సంఘసేవకుడును కష్టమును ఈ క్రమముననే పట్టును.

ఈ క్రమమును నేర్పుటకై 1936లో బొంబాయి నగరమున సర్ దొరాబ్జీ టాటా పేర ఒక పాఠశాల వెలసెను. నేటి టాటా సాంఘికశాస్త్రముల సంస్థ యదియే. అంతకు పదియేండ్లకు పూర్వము నాగ్‌పాడా పేటలో బీదలకై సేవాకేంద్రము స్థాపించిన క్లిఫర్డ్ మాన్‌షార్ట్ దానికి ప్రథమాధిపతి. తరువాత మన రాష్ట్రములలోను సంఘసేవను బోధించు కళాశాలలు, విశ్వవిద్యాలయ శాఖలు ఏర్పడెను. వీటియందు పుస్తకముల చదువుతోబాటు క్షేత్రకార్యము తప్పనిసరి. విద్యార్థులు ఆసుపత్రులకు, బస్తీలకు, కర్మాగారములకు పోయి, పెద్దల పర్యవేక్షణలో పని నేర్తురు.

విదేశములందును ఈ వృత్తి ఇట్లే పెరిగినది. సింగరేణి త్రవ్వకము మొదలైన 1889వ సంవత్సరముననే, అమెరికాలోని చికాగో నగరమున జేన్ ఆడమ్స్ అను విద్యావతి తన స్నేహితురాలితో కలిసి, బీద శ్రామికులు నివసించు పేటలో ‘హల్ హౌస్’ అను గృహమును నెలకొల్పెను. అందు నివసించిన చదువరులు అన్నము పెట్టి ఊరకుండలేదు. పిల్లలు పనిచేయు కార్ఖానాలను ఇల్లిల్లు తిరిగి పరిశీలించి, లెక్కలు వ్రాసి, ప్రభుత్వము ముందుంచిరి. దాని ఫలితముగ 1893లో ఆ రాష్ట్రమున కర్మాగారముల చట్టము వచ్చెను. 1931లో జేన్ ఆడమ్స్‌కు నోబెల్ శాంతి బహుమానము లభించెను.

చట్టమున్నచోట దానిని అమలుపరచువాడు కావలయును. చట్టము లేనిచోట, ఉన్నను కదలనిచోట ఏమి చేయవలయును? ఇందుకు తెలుగువారిలోను, తెలుగునాట పనిచేసినవారిలోను ఉత్తమమైన యుదాహరణములు గలవు.

1909లో రాజమండ్రిలో జన్మించిన దుర్గాబాయి స్వాతంత్ర్యోద్యమమున చెరసాలకు పోయి, అటుపిమ్మట పట్టుదలతో చదివి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున రాజనీతిశాస్త్రమున పట్టము పొందిరి. 1942లో మద్రాసున న్యాయశాస్త్ర పట్టమును పొందిరి. 1937లో ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళాసభ పెక్కుమంది స్త్రీలకు చదువును, వృత్తిని కల్పించెను. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమెయే మొదటి యధ్యక్షురాలు. సేవాభావమునకు న్యాయశాస్త్రము తోడైనచో ఎంతటి బలము కలుగునో ఆమె జీవితము చాటుచున్నది.

నెల్లూరున 1950లో జన్మించిన శాంతా సిన్హా ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఎం.ఎ. చదివి, ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొంది, హైదరాబాదు విశ్వవిద్యాలయమున ఆచార్యులైరి. తాత మామిడిపూడి వెంకటరంగయ్యగారి పేర 1981లో ఏర్పడిన సంస్థ ద్వారా ఆమె రంగారెడ్డి జిల్లా పల్లెలలో పనిచేయు బాలబాలికలను బడికి మరల్చిరి. పెద్దపిల్లలను చిన్నతరగతిలో కూర్చుండబెట్టిన సిగ్గుపడుదురని గ్రహించి, కొన్ని నెలలు శిబిరములలో చదివించి, వయస్సునకు తగిన తరగతిలో చేర్చు పద్ధతిని ఆ సంస్థ అనుసరించెను. 2003లో ఆమెకు రామన్ మెగసెసే బహుమానము లభించెను. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘమునకు ఆమె ప్రథమాధ్యక్షురాలైరి.

1957లో ఐ.ఎ.ఎస్. నందు చేరిన ఎస్.ఆర్. శంకరన్ తమిళనాట జన్మించినను, ఆంధ్రప్రదేశమును తన కర్మభూమిగా చేసికొనిరి. 1976నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టమును కాగితమునుండి పల్లెలకు దింపుటకు ఆయన శ్రమించిరి. ఉద్యోగవిరమణానంతరము సైతము బీదల పక్షమున పనిచేయుచు, 2010లో హైదరాబాదున కీర్తిశేషులైరి. ప్రభుత్వోద్యోగియై యుండియు ప్రజల మనిషిగా జీవింపవచ్చునని ఆయన నిరూపించిరి.

శంకరన్‌గారితో కలిసి పనిచేసిన బెజవాడ విల్సన్ కథ గనుల ప్రాంతమువారికి మిక్కిలి దగ్గరిది. ఆయన 1966లో కర్ణాటకలోని కోలారు బంగారు గనుల పట్టణమున ఒక తెలుగు కుటుంబమున జన్మించిరి. గనులలో బంగారము త్రవ్వువారికై కట్టిన ఆ పట్టణమున, మలమును చేతులతో ఎత్తి శుభ్రపరచు పని ఆయన కులమువారిపై పడియుండెను. విల్సన్ డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయమున రాజనీతిశాస్త్రమున పట్టము పొందిరి. తనవారి దుఃఖమును చూచి ఏడ్చినవాడు, ఆ దుఃఖమునకు సాక్ష్యము సేకరించుటకు పూనుకొనెను. ఎచ్చట ఎన్ని పొడిమరుగుదొడ్లున్నవో చూచి, ఛాయాచిత్రములు తీసి, అధికారులకు లేఖలు వ్రాసెను. 1993లో ఆ దురాచారమును నిషేధించు చట్టము వచ్చినను, అట్టివి మావద్ద లేవని ప్రభుత్వములు చెప్పుచుండెను. విల్సన్ నడుపు సఫాయి కర్మచారీ ఆందోళన్ 2003లో సర్వోన్నత న్యాయస్థానము నాశ్రయించెను. లేవన్నవి ఉన్నవని పత్రములతో నిరూపించెను. 2013లో మరింత గట్టి చట్టము వెలువడెను. 2014 మార్చి 27న న్యాయస్థానము తీర్పు చెప్పుచు, మురుగుకాలువలలో దిగి మరణించినవారి కుటుంబములకు 10 లక్షల రూపాయలు ఇయ్యవలెనని ఆదేశించెను. 2023లో ఆ మొత్తము 30 లక్షలకు పెంచబడెను. 2016లో విల్సన్‌కు మెగసెసే బహుమానము లభించెను. ఆ యుద్యమము నేటికిని ముగియలేదు; మురుగుకాలువలలో మరణములు ఇప్పటికిని జరుగుచున్నవి.

ఈ నలువురి జీవితములను కలిపి చూచినచో ఒక్క సంగతి స్పష్టమగును. వీరెవ్వరును కేవలము జాలితో పని సాధింపలేదు. ఒకరు న్యాయశాస్త్రమును, ఒకరు బోధనానుభవమును, ఒకరు పరిపాలనాజ్ఞానమును, ఒకరు సాక్ష్యసేకరణమును సాధనముగా చేసికొనిరి. కరుణ వారిని కదిలించెను. చదువు వారికి దారి చూపెను.

సేవకు జీతము పుచ్చుకొనవచ్చునా యని కొందరు సందేహింతురు. వైద్యుడు జీతము పుచ్చుకొనుట తప్పు కానపుడు సంఘసేవకునికి ఏల తప్పగును? జీతము లేనిచో సేవ కలవారి వినోదముగా మిగులును. బీదయింటి బిడ్డకు అందు చోటు దొరకదు. కష్టమనుభవించిన యింటినుండి వచ్చినవానికే కష్టము బాగుగ తెలియును గదా! నేడు సంఘసేవయందు ఎం.ఎస్.డబ్ల్యు. పట్టము పొందినవారికి గనులలో, కర్మాగారములలో, ఆసుపత్రులలో, జిల్లా బాలల సంరక్షణ విభాగములలో, స్వచ్ఛంద సంస్థలలో పని దొరకుచున్నది. న్యాయశాస్త్రము చదివినవారు 1987నాటి చట్టముచే ఏర్పడిన న్యాయసేవా సంస్థల ద్వారా బీదల పక్షమున వాదింపవచ్చును. ఈ వృత్తిలో ఐశ్వర్యము లేదు, విసుగు గలదు, ఓటమియు గలదు. ఒక పింఛను కాగితమునకై పదిసార్లు తిరుగవలసి వచ్చును. నేను వీరిని ఉద్ధరించుచున్నానను గర్వము పుట్టినచో సేవ అక్కడనే చెడును.

బొగ్గుగనుల ప్రాంతమున ఇట్టివారి యవసరము నానాటికి పెరుగుచున్నది. 1990వ దశకపు ఆరంభమున లక్షకు పైగా నుండిన సింగరేణి ఉద్యోగుల సంఖ్య నేడు నలుబది వేల ప్రాంతమునకు దిగినది. యంత్రములు వచ్చినవి, ఉపరితల గనులు వచ్చినవి. వాటికై పల్లెలు లేచిపోయినవి. అదే బొగ్గులో వేలాది కాంట్రాక్టు కార్మికులు తక్కువ కూలికి పనిచేయుచున్నారు. భూమి పోయిన రైతునకు, కాంట్రాక్టు కూలికి, దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు చెడిన ముదుసలి కార్మికునికి చట్టము ఏమి యిచ్చుచున్నదో చదివి చెప్పువారు కావలయును.

గనిలోనికి దిగువాని టోపీకి దీపముండును. తల యెటు త్రిప్పిన వెలుగు అటే పడును. మీరు పొందబోవు చదువును అట్టిదే. దానిని ఎటు త్రిప్పవలయునో మీరే నిర్ణయించుకొనవలయును. అందరును సంఘసేవకులే కానక్కరలేదు. కాని ఏ వృత్తిని చేపట్టినను, మీ వీధిలో చదువురాని వృద్ధురాలు కాగితము చేతబట్టుకొని నిలిచినపుడు, ఒక్క నిమిషము ఆగి, దానిని మొదటినుండి చివరవరకు చదివి, అందులో నేమున్నదో ఆమెకు తెలియు మాటలలో చెప్పుడు. ఈ విద్యలో మొదటి పాఠము అదియే. దానికి పట్టము వచ్చువరకు వేచియుండనక్కరలేదు.